మూత్ర సమస్యలకి సిస్టోస్కోపీ: మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు, జవాబులు

నేను యూరాలజీ ఓపీలో నర్సుగా పనిచేస్తున్నాను. "లోపలికి పైపు పెట్టి చూస్తారట కదా సిస్టర్" అని గుమ్మం దగ్గర ఆగి, గొంతు తగ్గించి అడిగేవాళ్ళు రోజూ ఉంటారు. అడగలేక చీటీ మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయేవాళ్ళు అంతకన్నా ఎక్కువ. ఆ వెళ్ళిపోయేవాళ్ళ కోసం ఇది రాశాను. సిస్టోస్కోపీ అంటే మూత్రం వచ్చే దారిలోంచి సన్నని కెమెరా గొట్టం పంపి మూత్రసంచి లోపల చూసే పరీక్ష. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు. మందులు ఆపడం, మార్చడం మాత్రం మీ డాక్టర్‌తో మాట్లాడాకే చేయండి.

## లక్షణాలు మొదలైనప్పుడు

రాత్రి నాలుగైదు సార్లు లేవాల్సి వస్తోంది. సిస్టోస్కోపీ చేయించుకోవాలా?

ఆ ఒక్క లక్షణమే అయితే చాలామందికి అక్కర్లేదు. రాత్రి ఎక్కువసార్లు లేవడానికి మూత్రసంచితో సంబంధం లేని కారణాలు బోలెడు ఉంటాయి. షుగర్ అదుపులో లేకపోవడం, సాయంత్రం వేసుకునే నీరు పోయే బీపీ మాత్ర, పగలంతా కాళ్ళలో చేరిన నీరు పడుకోగానే కిడ్నీలకి చేరడం, గురకతో నిద్రలో ఊపిరి ఆగడం, ఇవన్నీ లేపుతాయి. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు మూత్రాన్ని పెంచుతాయని చాలామందికి తెలియదు.

ముందు చేయాల్సింది ఖర్చు లేని పని. మూడు రోజుల పాటు ఎన్ని గంటలకి వెళ్ళారు, ఎంత పోశారు అని కొలగిన్నెతో కొలిచి కాగితం మీద రాయండి. 24 గంటల మొత్తంలో మూడోవంతు కన్నా ఎక్కువ రాత్రే వస్తోందంటే, పెద్ద వయసువాళ్ళలో సమస్య మూత్రసంచిది కాదు, రాత్రి ఎక్కువ తయారవడం. అది కెమెరాలో కనిపించేది కాదు. ఆ కాగితం చూశాక డాక్టర్ మూత్ర పరీక్ష, షుగర్, స్కానింగ్ రాస్తారు. అవసరమైతే ధార వేగం కొలిచే యూరోఫ్లో పరీక్ష కూడా రాస్తారు.

మరి ఏ లక్షణాలు ఉంటే సిస్టోస్కోపీ మాట వస్తుంది?

మూత్రంలో రక్తం. మళ్ళీ మళ్ళీ వచ్చే ఇన్ఫెక్షన్. చీము కణాలు కనిపిస్తున్నా కల్చర్‌లో (మూత్రంలో క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్షలో) ఏ క్రిమీ పెరగకపోవడం. మూత్రసంచి నిండేకొద్దీ పెరిగే నొప్పి. మందులు వాడినా తగ్గని తీవ్రమైన ఇబ్బంది. గతంలో మూత్రమార్గానికి దెబ్బ తగలడం, యూరిన్ పైపు వేసి ఉండడం, ఆపరేషన్ జరగడం.

ఇంగ్లండ్‌లో నైస్ సంస్థ 2010లో మగవాళ్ళ మూత్ర సమస్యలపై ఇచ్చిన మార్గదర్శకాలు కూడా దాదాపు ఇదే చెబుతాయి. మామూలు లక్షణాలు ఉన్నవాళ్ళందరికీ మొదటి విడతలోనే సిస్టోస్కోపీ చేయక్కర్లేదు. రక్తం, పదేపదే ఇన్ఫెక్షన్, నొప్పి, తీవ్ర లక్షణాలు ఉన్నవాళ్ళకి చేయాలి. మా ఓపీలో నేను చూసింది దీనికి తలకిందులు. అక్కర్లేనివాళ్ళు భయపడి అడుగుతారు. కచ్చితంగా కావలసినవాళ్ళు తప్పించుకు తిరుగుతారు.

ఒక్కసారే రక్తం వచ్చి ఆగిపోయింది. మళ్ళీ రాలేదు. వదిలేయొచ్చా?

వద్దు. ఈ పేజీలో ఒక్క జవాబే చదువుతానంటే ఇదే చదవమంటాను.

మూత్రసంచి క్యాన్సర్ చాలాసార్లు మొదట బయటపడేది నొప్పి లేని రక్తంతో. మంట ఉండదు, జ్వరం ఉండదు. ఒకరోజు ఎర్రగా పోతుంది, మర్నాడు మామూలుగా ఉంటుంది. తర్వాత వారాలో నెలలో ఏమీ ఉండదు. ఆగిపోయింది కాబట్టి తగ్గిపోయిందనుకుంటాం. లోపలి గడ్డ మాత్రం ఎక్కడికీ పోదు.

మా పెదనాన్నకి అలాగే జరిగింది. సంక్రాంతి రోజుల్లో ఒకసారి ఎర్రగా వచ్చింది, చెరుకు రసం ఎక్కువ తాగి వేడి చేసిందన్నారు. రెండోసారి వినాయకచవితికి వచ్చింది. అప్పుడు తీసుకెళ్తే గడ్డ కండర పొరలోకి దిగిందన్నారు. ఆ ఎనిమిది నెలలు నాకు ఇప్పటికీ గుర్తొస్తుంటాయి. అప్పటికే నేను ఈ విభాగంలో పనిచేస్తున్నాను, ఆయన నాతో చెప్పలేదు. చెప్పడానికి సిగ్గుపడ్డారు.

రక్తం వచ్చినవాళ్ళలో ఎక్కువమందికి క్యాన్సర్ ఉండదు. రాయి, ఇన్ఫెక్షన్, ప్రోస్టేట్ (మగవాళ్ళలో మూత్రసంచి కింద ఉండే గ్రంథి) ఉబ్బు లాంటివే బయటపడతాయి. కానీ చూడకుండా ఆ మాట చెప్పలేం. బీడీ, సిగరెట్, చుట్ట తాగే అలవాటు ఇప్పుడున్నా, ఒకప్పుడు ఉండి మానేసినా మరీ ఆలస్యం చేయొద్దు. రంగుల అద్దకాల్లో, రసాయనాల మధ్య ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళూ అంతే.

ఎర్రగా వచ్చింది, కానీ ముందురోజు బీట్‌రూట్ తిన్నాను. అది రక్తమేనా?

బీట్‌రూట్ కొందరిలో మూత్రాన్ని గులాబీ రంగులోకి మారుస్తుంది. టీబీకి వాడే రిఫాంపిసిన్ మాత్ర నారింజ, ఎరుపు రంగు తెస్తుంది. ఊహించుకుంటూ కూర్చోవద్దు. మామూలు మూత్ర పరీక్షలో సూక్ష్మదర్శిని కింద ఎర్రకణాలు ఉన్నాయో లేదో తేలిపోతుంది. వీలైతే రంగు కనిపించిన రోజే శాంపిల్ ఇవ్వండి.

వేడి చేసి మంట అనుకుంటున్నాం. బార్లీ నీళ్ళు, సబ్జా తాగితే సరిపోదా?

ఎండాకాలంలో నీళ్ళు తక్కువ తాగితే మూత్రం చిక్కబడి మంట రావడం నిజమే. బార్లీ నీళ్ళో మజ్జిగో కొబ్బరి నీళ్ళో తాగితే పలచబడి రెండు రోజుల్లో హాయిగా ఉంటే మంచిదే. తగ్గకపోతే, జ్వరం తోడైతే, రక్తం కనిపిస్తే అది వేడి కాదు. మంట, పదేపదే వెళ్ళడం నెలల తరబడి సాగుతుంటే దాని వెనుక మూత్రసంచిలో రాయి, టీబీ, లోపలి పొరలో చదునుగా పాకే తొలిదశ క్యాన్సర్ కూడా ఉండొచ్చు. ఇవన్నీ అచ్చం ఇన్ఫెక్షన్‌లాగే బాధపెడతాయి. యాంటీబయాటిక్ కోర్సు మీద కోర్సు వాడుతూ ఒక్కసారైనా కల్చర్ చేయించకపోవడం నేను తరచూ చూసే పొరపాటు.

స్కానింగ్‌లో ప్రోస్టేట్ గ్రేడ్ 2 అని వచ్చింది. లోపల కెమెరా పెట్టి చూడాలా?

ఎంత ఉబ్బిందో చెప్పే ఆ గ్రేడ్ చూసి నిర్ణయించరు. ప్రోస్టేట్ పెద్దదిగా ఉండి ఏ ఇబ్బందీ లేనివాళ్ళున్నారు, చిన్నదిగా ఉండి మూత్రం బిగుసుకుపోయినవాళ్ళున్నారు. డాక్టర్లు ఏడు ప్రశ్నలున్న ఒక పత్రం నింపమంటారు. దానికి 35 మార్కులు. 7 దాకా స్వల్పం, 8 నుంచి 19 మధ్యస్థం, 20 నుంచి పైన తీవ్రం. దాంతోపాటు మూత్రం పోశాక సంచిలో ఎంత మిగిలిందో స్కాన్‌లో చూస్తారు, ధార వేగం కొలుస్తారు. మాత్రలతో బాగున్నవాళ్ళకి సిస్టోస్కోపీ అక్కర్లేదు. ఆపరేషన్ అనుకున్నప్పుడు, ఏ పద్ధతి సరిపోతుందో తేల్చుకోవడానికి లోపలి ఆకారం చూడటం పనికొస్తుంది. ఇంకో మాట, జలుబుకి వేసుకునే కొన్ని మాత్రలు ప్రోస్టేట్ ఉబ్బు ఉన్నవాళ్ళకి ఉన్నట్టుండి మూత్రం బిగించేస్తాయి. మందుల షాపులో అడిగి తెచ్చుకునే ముందు ఆ సంగతి చెప్పండి.

స్కానింగ్ అంతా నార్మల్ అన్నారు. ఇంకా ఇదెందుకు?

అల్ట్రాసౌండ్ రాళ్ళని, ఉబ్బిన కిడ్నీని, పెద్ద గడ్డని బాగా పట్టుకుంటుంది. చిన్న గడ్డని, పొర మీద చదునుగా ఎర్రబారిన మచ్చని, మూత్రమార్గంలో సన్నబడిన చోటుని అది వదిలేయొచ్చు. మూత్రసంచి నిండకుండా స్కాన్ చేస్తే మరీ కష్టం. రక్తం వచ్చినవాళ్ళకి కిడ్నీ నుంచి కింది దాకా అంతా చూడాలి. పైభాగానికి స్కాన్ లేదా సీటీ, కిందిభాగానికి సిస్టోస్కోపీ. ఒకటి ఇంకోదాని పని చేయలేదు.

నాకు ముప్పై ఏళ్ళే. ధార సన్నగా, రెండు పాయలుగా వస్తోంది. ప్రోస్టేటా?

ఈ వయసులో ముందు అనుమానించేది మూత్రమార్గం సన్నబడటాన్ని. దాన్ని స్ట్రిక్చర్ అంటారు. చిన్నప్పుడు సైకిల్ కడ్డీ మీద పడటం, బైక్ ప్రమాదంలో కటి ఎముక విరగడం, ఎప్పుడో ఆస్పత్రిలో యూరిన్ పైపు వేయడం, పాత లైంగిక వ్యాధి, చర్మం తెల్లబడి బిగుసుకునే జబ్బు, ఇలా ఏదైనా కారణం కావచ్చు. ఏళ్ళ కిందటిదైనా దాచకుండా చెప్పండి. యూరోఫ్లో గీత కొండలా లేచి దిగకుండా బల్లపరుపుగా సాగితే అనుమానం బలపడుతుంది. సిస్టోస్కోపీలో సన్నబడిన చోటు కనిపిస్తుంది. అది ఎంత పొడవుందో తెలియాలంటే మందు ఎక్కించి తీసే ఎక్స్‌రే కావాలి, ఎందుకంటే సన్నని చోటు దాటి కెమెరా వెళ్ళలేదు. బలవంతంగా తోయకూడదు కూడా.

ఆడవాళ్ళకి కూడా చేస్తారా?

చేస్తారు, మగవాళ్ళ కన్నా తేలిగ్గా. ఆడవాళ్ళ మూత్రమార్గం సుమారు 4 సెంటీమీటర్లే, మగవాళ్ళది 18 నుంచి 20.

ఆరు నెలల్లో రెండుసార్లు లేదా ఏడాదిలో మూడుసార్లు ఇన్ఫెక్షన్ వస్తే దాన్ని పదేపదే వచ్చే ఇన్ఫెక్షన్ అంటారు. అయినా మిగతా ఆరోగ్యం బాగుండి, ప్రతిసారీ మందుతో పూర్తిగా తగ్గిపోతుంటే అందరికీ సిస్టోస్కోపీ అవసరం లేదు. రక్తం, రాయి అనుమానం, మందుకి లొంగకపోవడం ఉంటే చూడాలి. గర్భసంచి తీసేసిన ఆపరేషన్ తర్వాత తడి ఆగకుండా, తెలియకుండా కారుతుంటే తప్పకుండా చూడాలి. అది మూత్రసంచికి, యోనికి మధ్య రంధ్రం పడటం కావచ్చు. మన ఊళ్ళలో చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళు ఎంతోమంది. ఇలా కారుతున్నా ఇంట్లో చెప్పుకోలేక గుడ్డలు మార్చుకుంటూ ఏళ్ళు గడిపినవాళ్ళని చూశాను. దానికి చికిత్స ఉంది అమ్మా, రండి.

## డాక్టర్ సిస్టోస్కోపీ రాశాక

అసలు సిస్టోస్కోపీ అంటే ఏమిటి?

చివర లైటు, కెమెరా ఉన్న సన్నని గొట్టాన్ని మూత్రం వచ్చే దారిలోంచే పంపి, ఆ దారిని, మగవాళ్ళలో ప్రోస్టేట్‌ని, చివరికి మూత్రసంచి లోపలి గోడలని కళ్ళతో చూడటం. కోత ఉండదు, కుట్లు ఉండవు. 1877లో జర్మన్ వైద్యుడు మాక్స్ నిట్జె తయారుచేసిన మొదటి పరికరంలో వెలుగు కోసం కాలే ప్లాటినం తీగ పెట్టి, పరికరం వేడెక్కకుండా తీగ చుట్టూ నీళ్ళు పారించేవారట. ఇప్పటివి రెండు రకాలు. ఎటైనా వంగే ఫ్లెక్సిబుల్ గొట్టం సుమారు 5 మిల్లీమీటర్లు ఉంటుంది. నిటారుగా ఉండే రిజిడ్ గొట్టం కొంచెం లావు. రాయి పగలగొట్టడం, గడ్డ తీయడం లాంటి పనులకి రెండోదే కావాలి.

ఇది ఆపరేషనా? మత్తు ఇస్తారా?

చూడటానికి మాత్రమే అయితే ఓపీ పద్ధతిలో, తిమ్మిరెక్కించే లిగ్నోకెయిన్ జెల్ పెట్టి చేస్తారు. చూడటం ఐదు, పది నిమిషాల్లో అయిపోతుంది. ముక్క తీయడం, గడ్డ చెక్కడం ఉంటే వెన్నులో మత్తు ఇంజెక్షనో పూర్తి మత్తో ఇచ్చి, ఒకరోజు ఉంచుకోవచ్చు. మన దగ్గర చాలాచోట్ల ఫ్లెక్సిబుల్ గొట్టం ఉండదు. అందుకే మగవాళ్ళకి చూడటానికి కూడా రిజిడ్ వాడి మత్తు ఇస్తుంటారు. ముందే అడిగి తెలుసుకుంటే ఇంట్లో ఏర్పాట్లు చేసుకోవచ్చు.

డాక్టర్‌ని ఏం అడగాలో తెలియడం లేదు. ఏమడగాలి?

ఒక్క ప్రశ్న చాలు: "ఈ పరీక్షలో మీరు దేనికోసం చూస్తున్నారు? అది కనిపిస్తే ఏం చేస్తారు, కనిపించకపోతే ఏం చేస్తారు?" మంచి డాక్టర్ దీనికి ఒక నిమిషంలో జవాబు చెప్పేస్తారు. "రక్తం వచ్చింది కాబట్టి గడ్డ ఉందేమో చూస్తాం" అన్నారంటే అది స్పష్టమైన కారణం. "అందరికీ చేస్తాం" అన్నారంటే ఇంకో అభిప్రాయం తీసుకోవడంలో తప్పు లేదు. గడ్డ కనిపిస్తే అదే మత్తులో తీసేస్తారా, దానికి మీ అనుమతి ముందే కావాలా అన్నది కూడా అడగండి.

ప్రోస్టేట్ క్యాన్సర్ ఇందులో తెలిసిపోతుందా?

తెలియదు. సిస్టోస్కోపీలో ప్రోస్టేట్ లోపలి వైపు, అంటే మూత్రం దారిని ఎంత నొక్కుతోందో కనిపిస్తుంది. క్యాన్సర్ సాధారణంగా గ్రంథి వెలుపలి భాగంలో పుడుతుంది. దానికి వేలితో పరీక్ష, పీఎస్‌ఏ రక్తపరీక్ష, అనుమానం ఉంటే ఎంఆర్‌ఐ, బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) ఉంటాయి. గొట్టం పెట్టిన తర్వాత పీఎస్‌ఏ తాత్కాలికంగా పెరగొచ్చు కాబట్టి, అది కావాలనుకుంటే రక్తం ముందే ఇవ్వడం మేలు.

డబ్బులు ఎక్కువవుతాయా? ఎక్కడ చేయించుకోవచ్చు?

గొట్టం రకం, మత్తు, గది, బయాప్సీని బట్టి మొత్తం చాలా మారుతుంది. "అన్నీ కలిపి ఎంత, బయాప్సీ పంపితే ఇంకెంత" అని విడివిడిగా రాయించుకోండి. హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ, నిమ్స్, విశాఖలో కేజీహెచ్, తిరుపతిలో స్విమ్స్, కర్నూలు ప్రభుత్వ ఆస్పత్రి, వీటన్నిట్లో యూరాలజీ విభాగాలున్నాయి. వరుస పెద్దగా ఉంటుంది, ఓపిక కావాలి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు ఉంటే, పరీక్షకి ముందే ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గర మీ చీటీ చూపించి ఏది వర్తిస్తుందో అడగండి. డబ్బు కట్టేశాక అడిగితే వాళ్ళు చేయగలిగింది తక్కువ.

## పరీక్షకి ముందు

మూత్రం కల్చర్ ఎందుకు అడుగుతున్నారు?

మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉండగా గొట్టం పెడితే క్రిములు రక్తంలోకి చేరే ప్రమాదం ఉంది. అందుకే లక్షణాలుంటే ముందు కల్చర్ చేసి, తగ్గించి, తర్వాత చేస్తారు. పరీక్ష రోజు ఉదయం మంట, చలి, జ్వరం ఉంటే ఫోన్ చేసి చెప్పండి. వాయిదా పడుతుందని దాచిపెట్టి రావొద్దు. ఇన్ఫెక్షన్ లేనివాళ్ళకి, లోపల చూడటానికి మాత్రమే చేసే పరీక్షకి యాంటీబయాటిక్ అందరికీ అవసరం లేదు. షుగర్ అదుపులో లేనివాళ్ళు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళు, పైపు ఉన్నవాళ్ళలాంటి వారికి ఒక డోసు ఇస్తారు.

గుండెకి ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్నాను. ఆపేయాలా?

మీ అంతట మీరు ఒక్క మాత్ర కూడా ఆపకండి. గుండెలో స్టెంట్ వేసినవాళ్ళు ఉన్నట్టుండి ఆపితే స్టెంట్ మూసుకుపోవచ్చు. చూడటానికి మాత్రమే చేసే సిస్టోస్కోపీకి చాలాసార్లు ఇవి ఆపక్కర్లేదు. గడ్డ తీయడం ఉంటే యూరాలజిస్టు, గుండె డాక్టర్ మాట్లాడుకుని చెబుతారు. వార్ఫరిన్, అసిట్రోమ్, రివరాక్సబాన్ వాడేవాళ్ళూ చీటీ పట్టుకురండి.

"రక్తం పలచబడే మాత్ర వాడుతున్నాను కాబట్టే మూత్రంలో రక్తం వచ్చింది" అని సరిపెట్టుకోవద్దు. లోపల కారణమేదో ఉంటే ఆ మాత్ర దాన్ని బయటపెట్టి ఉండొచ్చు. మాత్ర వాడుతున్నా పరీక్షలు అందరికీ చేసినట్టే చేయాలి.

తినొచ్చా? షుగర్ మాత్ర వేసుకోవాలా?

జెల్‌తో చేసేదైతే మామూలుగా టిఫిన్ తిని, షుగర్, బీపీ మాత్రలు వేసుకుని రావొచ్చు. మత్తు ఇచ్చేదైతే ఆరు గంటల ముందు నుంచి ఏమీ తినకూడదు. మంచినీళ్ళు ఎప్పటిదాకా తాగొచ్చో, ఏ మాత్ర వేసుకోవాలో మత్తు డాక్టర్ చెబుతారు. తినకుండా షుగర్ మాత్ర, ఇన్సులిన్ తీసుకుంటే కళ్ళు తిరిగి పడిపోతారు. వదులు బట్టలు వేసుకుని, ఇంటి మనిషిని ఒకరిని తోడు తెచ్చుకోండి.

నెలసరిలో ఉన్నాను. వాయిదా వేయాలా?

చేయడానికి అడ్డేమీ లేదు. కానీ రక్తం ఎక్కడి నుంచి వస్తోందో తేల్చడానికే ఈ పరీక్ష అయితే మూత్ర శాంపిల్‌లో ఆ రక్తం కలుస్తుంది, అందుకే కొన్ని రోజులు ఆగమంటారు. గర్భం అనుమానం ఉంటే తప్పకుండా చెప్పండి.

## పరీక్ష గదిలో

లోపల ఏం చేస్తారు?

మూత్రం పోసుకుని రమ్మంటారు. మీరు వెల్లకిలా పడుకుంటారు, ఆడవాళ్ళకి మోకాళ్ళు పైకి మడిచి పక్కకి పెడతారు. మందు నీళ్ళతో శుభ్రం చేసి, పరీక్ష చేసే చోటు తప్ప మిగతా ఒళ్ళంతా గుడ్డ కప్పుతారు. జెల్ ఎక్కించి కాసేపు ఆగుతారు. ఈ ఆగడమే ముఖ్యం. పది నిమిషాల దాకా ఆగితే తిమ్మిరి బాగా ఎక్కుతుంది. "జెల్ పని చేసేదాకా ఆగుదాం సార్" అని అడిగే హక్కు మీకుంది.

తర్వాత గొట్టం మెల్లగా లోపలికి వెళ్తుంది. సెలైన్ పారించి మూత్రసంచిని నింపుతారు, లేకపోతే గోడల ముడతల మధ్య ఏమున్నా కనిపించదు. కిడ్నీల నుంచి వచ్చే రెండు గొట్టాల ద్వారాలు చూస్తారు. ఏ వైపు నుంచి ఎర్రటి మూత్రం చిమ్ముతోందో కొన్నిసార్లు అక్కడే కనిపిస్తుంది. ఫ్లెక్సిబుల్ అయితే వెనక్కి తిప్పి మూత్రసంచి మెడని కూడా చూస్తారు.

చాలా నొప్పిగా ఉంటుందా? అదే టెన్షన్.

నిజం చెబుతాను. ఏమీ తెలియదనడం అబద్ధం. భరించలేనిది అనడం కూడా అబద్ధమే. ఆడవాళ్ళలో చాలామంది "అంతేనా" అంటారు. మగవాళ్ళకి గొట్టం బిగింపు కండరం, ప్రోస్టేట్ దాటే కొన్ని క్షణాలు చురుక్కుమంటుంది. ఆ క్షణంలో బిగపట్టడం సహజం, కానీ బిగపట్టేకొద్దీ నొప్పి పెరుగుతుంది. అప్పుడు నోటితో పొడుగ్గా ఊపిరి వదులుతూ, మూత్రం పోస్తున్నట్టు కింద వదులు చేయండి. కాలివేళ్ళు కదపండి. ఆ సమయంలో సెలైన్ సంచిని చేత్తో నొక్కి నీటి ఒత్తిడి పెంచితే దారి తెరుచుకుని నొప్పి తగ్గుతుంది. మేం అలాగే చేస్తాం. స్క్రీన్ చూస్తూ ఉన్న మగవాళ్ళకి నొప్పి తక్కువగా తెలిసిందని అధ్యయనాల్లో తేలింది. చూడాలనుంటే స్క్రీన్ మీ వైపు తిప్పమనండి.

సంచి నిండాక అర్జెంటుగా మూత్రం వస్తున్నట్టు అనిపిస్తుంది. అది సెలైన్ వల్లే, కంగారు పడొద్దు. కొంచెం బయటికి కారినా ఎవరూ ఏమీ అనుకోరు.

సిగ్గుగా ఉంది. గదిలో ఎవరెవరు ఉంటారు?

డాక్టర్, ఒక నర్సు, ఒక సహాయకుడు. బోధనాస్పత్రిలో విద్యార్థులు ఉండొచ్చు, వద్దనే హక్కు మీకుంది. ఆడవాళ్ళ పరీక్షలో ఆడ నర్సు తప్పకుండా ఉండాలి, లేకపోతే అడగండి. మగవాళ్ళలో కొందరికి జెల్ పెట్టేటప్పుడు అంగం గట్టిపడుతుంది. అది శరీరం తనంతట తాను చేసే పని, మాకు కొత్త కాదు, దాని గురించి బాధపడకండి. మీ ముఖంలో రంగు, ఊపిరి, డాక్టర్‌కి అందించాల్సిన వస్తువు, ఇవే మా కళ్ళకి కనిపించేవి.

## ఇంటికి వచ్చాక

మంటగా ఉంది, మూత్రం గులాబీ రంగులో ఉంది. భయపడాలా?

ఒకటి రెండు రోజులు ఇది మామూలే. మొదటి రెండు మూడుసార్లు పోసేటప్పుడు మంట గట్టిగానే ఉంటుంది. ఆ మంటకి భయపడి నీళ్ళు మానేస్తే ఇంకా ఎక్కువవుతుంది. గుండె, కిడ్నీ జబ్బుకి నీళ్ళు తగ్గించమని చెప్పినవాళ్ళు తప్ప మిగతావాళ్ళు రెండు లీటర్ల దాకా తాగండి. అవసరమైతే పారాసెటమాల్ వేసుకోవచ్చు. ముక్క తీసి ఉంటే రంగు ఇంకొన్ని రోజులు రావొచ్చు.

ఎప్పుడు ఆస్పత్రికి పరిగెత్తాలి?

చలితో వణుకు వచ్చినా, జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటినా. కడుపు కింద ఉబ్బి, వెళ్ళాలనిపిస్తున్నా చుక్క కూడా రాకపోయినా. రక్తం గడ్డలు పడుతున్నా, రెండు రోజులు దాటినా ఎర్రదనం తగ్గకుండా పెరుగుతున్నా. వీటికి తెల్లారేదాకా ఆగొద్దు, అర్ధరాత్రయినా క్యాజువాలిటీకి వెళ్ళండి. "ఫలానా రోజు సిస్టోస్కోపీ అయింది" అని మొదటి మాటగా చెప్పండి. మూత్రం బిగుసుకోవడం ప్రోస్టేట్ పెద్దగా ఉన్నవాళ్ళలో ఎక్కువ.

బండి నడపొచ్చా? పనికి ఎప్పుడు వెళ్ళొచ్చు?

జెల్‌తో అయితే మర్నాడే పనికి వెళ్ళిపోవచ్చు, కొందరు అదే రోజు వెళ్తారు. మత్తు తీసుకుంటే 24 గంటలు బండి ముట్టుకోవద్దు, ముఖ్యమైన కాగితాల మీద సంతకం పెట్టొద్దు. గడ్డ తీసి ఉంటే బరువులెత్తడం గురించి డాక్టర్ చెప్పిన గడువు పాటించండి.

మగతనం తగ్గిపోతుందా?

లేదు. చూసే పరీక్ష వల్ల అంగస్తంభన శక్తి పోదు, పిల్లలు పుట్టడానికీ అడ్డు రాదు. మంట తగ్గేదాకా కొన్ని రోజులు దూరంగా ఉంటే చాలు. ఈ ఒక్క అపోహ వల్ల పరీక్ష మానేసిన మగవాళ్ళు లెక్కలేనంతమంది.

## రిపోర్టు చేతికి వచ్చాక

ట్రాబెక్యులేషన్ అని రాశారు. అంటే ఏమిటి?

మూత్రసంచి చాలాకాలంగా అడ్డంకికి ఎదురు తోస్తూ ఉంటే దాని కండరాలు తాళ్ళలా ఉబ్బుతాయి. అలా తాళ్ళు తేలిన గోడని ట్రాబెక్యులేషన్ అంటారు. తాళ్ళ మధ్య గుంటలు పడితే శాక్యూల్స్, అవి ఇంకా పెద్దవై సంచుల్లా వేలాడితే డైవర్టిక్యులమ్. ప్రోస్టేట్ రెండు వైపులా ఉబ్బి ఒకదానికొకటి ఆనుకుంటే దాన్నీ రాస్తారు. ఇవి కనిపించాయంటే వెంటనే ఆపరేషన్ అని కాదు. లక్షణాలు, ధార వేగం, మిగిలిపోయే మూత్రం, కిడ్నీల పరిస్థితి అన్నీ కలిపి చూస్తారు. హన్నర్ మచ్చలు అని రాస్తే అది నొప్పితో కూడిన మూత్రసంచి జబ్బుకి గుర్తు. దానికి చికిత్స వేరు.

బయాప్సీకి పంపారు. క్యాన్సరేనా?

పంపారంటే తేల్చుకోవాలనుకుంటున్నారని అర్థం, తేలిపోయిందని కాదు. ఎర్రబారిన చోటు మామూలు వాపు కావచ్చు, టీబీ కావచ్చు. టీబీ అనుమానం ఉంటే మూడు రోజులు తెల్లవారుజామున మొదటి మూత్రం పరీక్షకి ఇవ్వమంటారు. టీబీ అని తేలితే మందులు ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం. క్యాన్సరే అని వచ్చినా, పై పొరల్లోనే ఉన్నదాన్ని గొట్టంలోంచే చెక్కి తీస్తారు. రిపోర్టు వచ్చేదాకా ఆ వారం చాలా బరువుగా గడుస్తుంది, నాకు తెలుసు. ఇంట్లో ఒక్కరికైనా చెప్పుకోండి.

మూడు నెలలకి మళ్ళీ రమ్మన్నారు. ఒకసారి తీసేశాక మళ్ళీ ఎందుకు?

మూత్రసంచి పై పొరల క్యాన్సర్‌కి మళ్ళీ మళ్ళీ మొలిచే గుణం ఉంది. అందుకే తీసిన మూడు నెలలకి మొదటి తనిఖీ, ఆ తర్వాత ప్రమాద స్థాయిని బట్టి కొన్నేళ్ళ పాటు. ఏ బాధా లేదని తప్పించుకోవద్దు. చిన్నగా ఉన్నప్పుడు దొరికితే మళ్ళీ అదే చిన్న పనితో పోతుంది. పొగ ఇప్పుడు మానేసినా లాభమే.

అంతా నార్మల్ అన్నారు, నా బాధ మాత్రం తగ్గలేదు. పరీక్ష దండగేనా?

దండగ కాదు. రాయి, గడ్డ, సన్నబడిన దారి లేవని తేలింది. కెమెరా ఆకారాన్ని చూస్తుంది, పనితీరుని కాదు. ఆపుకోలేనంత తొందరగా వచ్చే అతి చురుకైన మూత్రసంచి, షుగర్ వల్లో వెన్ను జబ్బు వల్లో నీరసించిన మూత్రసంచి, లోపల చూస్తే మామూలుగానే కనిపించొచ్చు. అప్పుడు సంచి నిండేటప్పుడు, ఖాళీ అయ్యేటప్పుడు ఒత్తిడి కొలిచే యూరోడైనమిక్స్ పరీక్ష ఉంది. గడియారం చూసి మూత్రానికి వెళ్ళే అలవాటు, కటి కండరాల వ్యాయామం, టీ కాఫీలు తగ్గించడం, మలబద్ధకం పోగొట్టుకోవడం, మందులు, ఇలా చేయాల్సినవి చాలా మిగిలున్నాయి. ఫైలు అలమరలో పెట్టేయకుండా మళ్ళీ అదే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

కిడ్నీ రాయికి స్టెంట్ వేశారు. అప్పటి నుంచి మంట, తొందర. తీసేదాకా ఇంతేనా?

ఈ స్టెంట్ అంటే కిడ్నీ నుంచి మూత్రసంచి దాకా పెట్టే సన్నని గొట్టం. దాని కింది కొస మూత్రసంచిలో ఒరుసుకోవడం వల్ల ఆ బాధ. తగ్గించే మాత్రలున్నాయి, అడగండి. తీసేది కూడా సిస్టోస్కోపీతోనే, కొన్ని నిమిషాల పని. బాధ అలవాటైపోయి స్టెంట్ సంగతి మర్చిపోయేవాళ్ళుంటారు. నెలలు దాటితే దాని మీద రాయి కట్టి, లాగితే రాని స్థితికి వస్తుంది, కిడ్నీ కూడా దెబ్బతినొచ్చు. డిశ్చార్జి చీటీలో తీయాల్సిన తేదీ వెతకండి. లేకపోతే ఈరోజే ఫోన్ చేసి కనుక్కుని, ఇంట్లో క్యాలెండర్ మీద ఆ తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో గీయండి.